మొహం నాది, గొంతు ఎవరిదో

మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. పేరు చెబితే గుర్తుపట్టరు, అందుకే చెప్పడం లేదు. తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు వేలాడేసుకుని, ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని బయటికొచ్చి, కళ్లద్దాలు తీసి, "24 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అంటాడు చూడండి, ఆ డాక్టర్ని నేనే. ఒక్క సీరియల్లో కాదు, లెక్కపెడితే పదకొండు సీరియల్స్‌లో. మధ్యలో రెండుసార్లు లాయర్ని, ఒకసారి పెళ్లి ఆపడానికి వచ్చిన ఎస్సైని. రెండేళ్ల కింద ఎవరో నా డాక్టర్ ముక్కలన్నీ కలిపి రీల్ చేశారు. బాగానే తిరిగింది. కింద కామెంట్లలో ఒకరు "ఈయన వాయిస్ సూపర్ బ్రో" అని రాశారు.

ఆ వాయిస్ నాది కాదు. అదే ఇప్పుడు చెప్పబోయేది.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. నెల్లూరు నుంచి 100 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. కొండ, కొండ మీద కోట. కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి ఆ కోటని 1514లో గెలుచుకుని, ఇక్కడున్న బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. మా ఊళ్లో దేన్నైనా బయటివాళ్లు తీసుకెళ్లాకే దానికి పేరొస్తుందని మా నాయన ఎగతాళిగా అనేవాడు. చెక్క గరిటెలు, స్పూన్లు కూడా అంతే. ఇక్కడ చెక్కినవి ఎక్కడెక్కడో షోకేసుల్లో కనబడతాయి.

అమ్మ పుట్టిల్లు ఆత్మకూరు. మేనమామ అక్కడ టైలరు. పగలు మిషను, రాత్రి నాటకం. ఎండాకాలం సెలవులిస్తే నన్ను ఉదయగిరిలో బస్సెక్కించి ఆత్మకూరు పంపేసేవాళ్లు. మామ బస్టాండులో సైకిలుతో నిలబడి ఉండేవాడు.

పద్యనాటకం చూడనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. తిరణాలకో, శ్రీరామనవమికో ఊరివాళ్లు చందాలేసుకుని నాటకం పెట్టిస్తారు. రాత్రి పదికి మొదలైతే తెల్లారేదాకా నడుస్తుంది. ఒకే నాటకంలో ముగ్గురు హరిశ్చంద్రులు ఉంటారు. రాజుగా ఒకడు, వారణాసి వీధుల్లో ఇంకొకడు, కాటి సీనుకి మూడోవాడు. తెర పడి లేచేసరికి హరిశ్చంద్రుడు పొట్టివాడైపోయి, రంగు మారిపోయి వస్తాడు. జనం ఏమీ అనుకోరు. వాళ్లకి కావాల్సింది గొంతు. పద్యం చివర రాగం తీస్తుంటే ఊపిరి ఎంతసేపు నిలబడుతుందో చూస్తారు. నచ్చితే "వన్స్ మోర్" అని అరుస్తారు. అప్పుడు ఏడుస్తున్న హరిశ్చంద్రుడు ఏడుపాపి, హార్మోనిస్టు వైపు ఒకసారి చూసి, అదే పద్యం మళ్లీ మొదలుపెట్టాలి.

మామ కాటి సీను హరిశ్చంద్రుడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన నాటకంలోకి జాషువా గారి శ్మశానం పద్యాలు వచ్చి కలిశాక ఆ సీను తెలుగునాట ఎంత నిలబడిపోయిందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. నాకు తొమ్మిదేళ్లప్పుడు మామ నన్ను లోహితాస్యుణ్ణి చేశాడు. పాము కరిచి చచ్చిపోయే పిల్లాడి వేషం. నా మాటలన్నీ ముందు సీన్లలోనే అయిపోతాయి. ఆ తర్వాత నా పనల్లా శవంలా పడుకోవడం. వింజమూరు వైపు ఒక పల్లెలో స్టేజీ పక్కనే చెరువు. దోమలు ఏనుగుల్లా ఉన్నాయి. నా పైన మామ పద్యం పాడుతున్నాడు, జనం వన్స్ మోర్ అంటున్నారు, నా చెవిలో దోమ దూరింది. గోక్కున్నాను. ముందు వరసలో పిల్లలు, "శవం కదిలిందిరోయ్!" అని ఒకటే నవ్వు.

తెల్లారి టీ కొట్టు దగ్గర మామ కొట్టలేదు, తిట్టలేదు. "అల్లుడా, చచ్చినోడు గోక్కోకూడదబ్బా" అన్నాడు. నటన గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఆ మర్నాటి నుంచే పొద్దున్నే పొలంగట్టు మీద నిలబెట్టి గొంతు సాధన చేయించడం మొదలుపెట్టాడు. "నోటితో పాడబాక, బొడ్డు కాడి నుంచి తియ్యి" అనేవాడు. వేరుశెనగ చేలల్లో పక్షులు లేచిపోయేలా అరిచేవాణ్ణి.

మామ ఎన్ని వేషాలు కట్టినా, ఆయన గర్వంగా చెప్పుకునేది మాత్రం ఒక తాగుబోతు వేషం. 90ల మొదట్లో మా జిల్లాలో అక్షరదీపం పేరుతో పెద్దవాళ్లకి రాత్రి బడులు పెట్టారు. జనాన్ని బడికి రప్పించడానికి ఊరూరా పాటలు, చిన్న నాటకాలు ఆడేవాళ్లు. హార్మోనియం లేదు, తెర లేదు, రచ్చబండే స్టేజీ. మామ అందులో సారా తాగొచ్చి పెళ్లాన్ని కొట్టే మొగుడు. ఒక ఊళ్లో ముసలామె ఒకతె లేచొచ్చి చీపురుతో నిజంగానే రెండు తగిలించింది. మామ భుజం మీద ఆ చీపురు పుల్లల గీతలు నేను చూశాను. "నంది అవార్డు కూడా ఇంత మంటపెట్టదురా" అనేవాడు తర్వాత్తర్వాత.

ఆ రాత్రి బడుల్లో చదివిన సీతమ్మ కథ పాఠం గురించి మాట్లాడుకుంటూనే కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు లేచి సారా కొట్టు మూయించారు. అది 1992. అక్కణ్ణుంచి జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఇదంతా నాటకాల వల్లే వచ్చిందని నేను అనను. ఆడవాళ్ల కష్టం వల్ల వచ్చింది. కానీ వేషం వేసినవాడిని చూసి నిజమనుకుని చీపురెత్తిన మనిషిని నేను ఇన్నేళ్ల టీవీలో ఒక్కసారీ చూడలేదు.

ఇదంతా చెప్పి మా అత్త సంగతి చెప్పకపోతే అన్యాయం. నాటకానికని మామ అరెకరం అమ్మాడు. కొత్త కిరీటాలకి కొంత, ఆడవేషాల ఆర్టిస్టులకి తెనాలి నుంచి రానూపోనూ ఛార్జీలకి కొంత. నాటకం పెట్టించినవాళ్లు ఇస్తామన్న డబ్బులు ఇవ్వకపోతే తను జేబులోంచి ఇచ్చేవాడు. "మీ మామ స్టేజీ మీదే హరిశ్చంద్రుడు, నేను ఇంట్లో రోజూ చంద్రమతినే" అనేది అత్త. నవ్వుతూ అనేది కాదు.

మా నాయన అందుకే నన్ను బీకాం చదివించాడు. నెల్లూరులో డిగ్రీ అయ్యాక 2006లో హైదరాబాద్ వెళ్లాను. ఇంట్లో చెప్పింది అకౌంట్స్ ఉద్యోగం, మనసులో ఉన్నది వేరు. టీవీ అప్పటికి మన ఇళ్లలో నిండిపోయింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో వచ్చినా మా వీధిలో సీరియల్ అనే మాట అందరి నోటా వినబడింది 1995లో ఈటీవీ, జెమినీ లాంటివి వచ్చాకే. నేను వెళ్లేనాటికి 'చక్రవాకం' నడుస్తోంది. సాయంత్రమైతే ఏ గల్లీలో నడిచినా అన్ని కిటికీల్లోంచి ఒకటే టైటిల్ పాట.

రెండేళ్లు ఆఫీసుల చుట్టూ ఫొటోలు పట్టుకు తిరిగాక 2008లో మొదటి వేషం దొరికింది. రోజుకి 500. అందులో కోఆర్డినేటర్ కమిషన్ పోను మిగిలింది మూడు నెలల తర్వాత చేతికొచ్చింది. బట్టలు మనవే. హీరో తండ్రికి ట్రీట్‌మెంట్ చేసే డాక్టర్. నాలుగు డైలాగులు. రాత్రంతా బట్టీపట్టాను. పొద్దున సెట్లో నిలబడి మొదలుపెట్టబోతే, కెమెరా పక్కన కాగితాలు పట్టుకున్న కుర్రాడు గట్టిగా నా డైలాగ్ చదివేశాడు. నేను ఆగిపోయాను. డైరెక్టర్ "ఏంటి సార్, అతను చెప్పింది విని చెప్పండి" అన్నాడు.

అది ప్రాంప్టింగ్. రోజుకి అన్నేసి సీన్లు తీయాలి, కాగితం సెట్టుకి వచ్చేదే అప్పుడు, ఎవరికీ చదువుకునే టైముండదు. అందుకని అసిస్టెంటు ఒక ముక్క చెబుతాడు, ఆర్టిస్టు ఆ ముక్క మొహంలో భావం పెట్టి అంటాడు. మళ్లీ ఇంకో ముక్క. మీరు ఫోన్లో చూస్తున్నప్పుడు మేము మాటమాటకీ ఆగి, చూపు ఎటో తిప్పి మాట్లాడితే అదేదో బరువైన ఎమోషన్ అనుకోకండి. తర్వాతి ముక్క కోసం చెవి పెట్టామన్నమాట.

ఇలా తీసినదాన్ని అలాగే వేస్తే రెండు గొంతులు వినబడతాయి కదా. అందుకే తర్వాత డబ్బింగ్ థియేటర్లో మొత్తం మళ్లీ చెప్పిస్తారు. హీరోయిన్లు చాలామంది బెంగళూరు నుంచి వస్తారు, వాళ్లకి ఎలాగూ వేరే గొంతు కావాలి. మాలాంటి చిన్న వేషాలకి ప్రత్యేకం పిలిస్తే ఖర్చు. అక్కడున్న డబ్బింగ్ ఆర్టిస్టే డాక్టరు, కాంపౌండరు, పోలీసు, పూజారి నలుగురికీ చెప్పేస్తాడు. వాళ్లని తక్కువ చేయడం లేదు. గాజు గదిలో నిలబడి, ఎవరి పెదాలనో చూస్తూ, అరగంటలో నలుగురు మనుషులైపోవడం ఎంత విద్యో నాకు తెలుసు. నాకు మాత్రం, "నెల్లూరు యాస తగులుతోంది సార్, మనవాడితో చెప్పించేద్దాం" అన్నారు. సరేనన్నాను. కొత్తవాణ్ణి, ఏమంటాను?

ఆ ఎపిసోడ్ వచ్చే రోజు ఉదయగిరిలో మా ఇంటికి వీధంతా వచ్చిందట. ఆత్మకూరులో మామ కొట్టు ముందు టీవీ పెట్టించి, పక్క కొట్లవాళ్లకి టీలు ఇప్పించాడట. ఫోన్ కోసం రాత్రంతా ఎదురుచూశాను. అమ్మ చేసింది, నాయన చేశాడు. మామ చేయలేదు. మూడో రోజు నేనే చేశాను.

"చూశావా మామా?"

"చూశా."

"ఎట్టుంది?"

కాసేపు మిషను చప్పుడు వినబడింది. తర్వాత ఆగింది.

"నీ గొంతేమైందిరా అల్లుడా? ఎవురిదో పెట్టుండారే!"

నేను ప్రాంప్టింగ్, డబ్బింగ్, టైము లేకపోవడం అన్నీ వివరించాను. ఆయన విన్నాడు. "సరేలేబ్బా, అన్నం తిన్నావా?" అని పెట్టేశాడు. అంతకు మించి ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం పన్నెండేళ్లు చెవిలో ఉండిపోయింది. దోమలాగే.

ఆ పన్నెండేళ్లలో కష్టాలే పడ్డానని చెబితే అబద్ధం. పెళ్లయింది, పాప పుట్టింది, మణికొండ పక్కన రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాం. రోజు కూలి 500 నుంచి 4,000 దాకా పెరిగింది. నెలకి పది రోజులు పనుంటే పండగ, నాలుగుంటే పాలవాడికి బాకీ. ఊరికి పోతే బస్సులో ఆడవాళ్లు సీటిచ్చేవాళ్లు. ఒకామె మోకాళ్ల నొప్పికి మాత్ర రాసివ్వమంది. నేను డాక్టర్ని కాదమ్మా అంటే, "మాకు చెప్పగూడదా ఏంది" అని అలిగింది.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. రోజు కూలి వాళ్లం కదా, అద్దె కట్టలేక ముగ్గురం ఊరికి వచ్చేశాం. జూన్లో మళ్లీ మొదలైనా తక్కువమందితో తీస్తున్నారు. డాక్టరు లేకుండానే పేషెంట్లు కోలుకుంటున్నారు. నేను ఆత్మకూరులో మామకి సాయం చేస్తూ ఉండిపోయాను. ఆయన మాస్కులు కుడుతున్నాడు, నేను తాళ్లు కత్తిరిస్తున్నాను. ఆయనకి అప్పటికే ఆయాసం. పళ్లు ఊడిపోయాయి. పద్యం ఎత్తుకుంటే రెండో పాదానికి ఊపిరి అందేది కాదు. ఎత్తుకుని, ఆపి, "నువ్వు కానీ" అన్నట్టు నావైపు చూసేవాడు. నేను మాస్కుల కట్ట వైపు చూసేవాణ్ణి.

సెప్టెంబరు 8న టీవీలో వార్త వచ్చింది. గుంటూరులో జయప్రకాశ్ రెడ్డి గారు పోయారని. మామ మిషను ఆపేశాడు.

మీకు ఆయన 'సమరసింహారెడ్డి' విలన్‌గానో, కామెడీ మీముల్లోనో తెలిసుంటారు. కర్నూలు జిల్లా సిరివెళ్లలో 1946లో పుట్టారు. నాన్నగారు పోలీసు ఉద్యోగి. చిన్నప్పుడు కొన్నేళ్లు నెల్లూరులోనే చదువుకున్నారు, ఆ ఒక్క కారణంతో మామ ఆయన్ని మావాడు అనేవాడు. లెక్కల మాస్టారిగా పనిచేస్తూ నాటకాలాడారు. దాసరి నారాయణరావు గారి 'బ్రహ్మపుత్రుడు'తో 1988లో సినిమాల్లోకి వచ్చినా, పేరు నిలబడింది 1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చాకే. అంటే యాభై దాటాక. దేంతో నిలబడింది? ఆ సీమ యాసతో, ఆ గొంతుతో. సినిమాల్లో అంత బిజీ అయ్యాక కూడా 'అలెగ్జాండర్' అని ఒక నాటకం పట్టుకుని ఊళ్లు తిరిగారు. అందులో పాత్రధారి ఆయనొక్కడే. పక్కన మాట అందించేవాడు లేడు, ముగ్గురు హరిశ్చంద్రుల్లా మధ్యలో దిగిపోయే వీలూ లేదు. నేను ఒకసారి చూశాను. సినిమా డబ్బు చూసినవాడికి ఇదెందుకు అనిపించింది అప్పుడు. బయటికొచ్చేటప్పుడు నాకు కాస్త కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు.

"ఆయన గొంతు తీసేసి ఇంకోడిది పెట్టుంటే ఎట్టుండేదంటావ్?" అన్నాడు మామ, టీవీ వైపే చూస్తూ. ఆయన నన్ను అనలేదు. అయినా నాకే తగిలింది. ఆ సాయంత్రం కొట్టు షట్టరు సగం దించి, పన్నెండేళ్ల తర్వాత ఒక పద్యం ఎత్తుకున్నాను. గొంతు చీలిపోయింది. మామ చేత్తో బల్ల మీద తాళం వేస్తూనే ఉన్నాడు.

2023 తిరణాలకి ఆత్మకూరు దగ్గర ఒక ఊళ్లో హరిశ్చంద్ర పెట్టారు. కాటి సీను నన్ను వేయమని మామ వాళ్లకి మాటిచ్చేశాడు, నన్ను అడక్కుండానే. అప్పుడు నేనొక సీరియల్లో హీరోయిన్ బాబాయిని. తొమ్మిది నెలలుగా నెలకి పన్నెండు రోజుల పని. నా జీవితంలో అంత స్థిరమైన వేషం అదొక్కటే. తిరణాల తేదీకి సరిగ్గా పెళ్లి సీక్వెన్స్ షూటింగ్ పడింది. రెండు రోజులు సెలవడిగాను. కుదరదన్నారు. వాళ్ల తప్పేం లేదు, పెళ్లిలో బాబాయి లేకపోతే ఎలా? నా భార్య ఒక్క మాటే అంది: "స్కూల్ ఫీజు టర్ము కట్టాక వెళ్లు." కట్టాను. వెళ్లాను.

రెండు వారాలకి సీరియల్లో బాబాయి కారు ప్రమాదంలో పోయాడు. నా ఫొటోకి దండేసి, ముందు దీపం పెట్టి, వారం రోజులు చూపించారు. ఉదయగిరిలో మా అమ్మ టీవీ కట్టేసి, నాకు ఫోన్ చేసి ఏడ్చి, మర్నాడు గుళ్లో అర్చన చేయించింది.

ఇక నాటకం. గొప్పగా జరిగిందని రాస్తే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కాటి సీనుకి తెర లేచేసరికి రాత్రి రెండున్నర. జనం సగం మంది దుప్పట్లు కప్పుకుని నిద్ర. నిద్రపోనివాళ్లు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. నేను బూడిద పూసుకుని, కర్ర భుజాన పెట్టుకుని వచ్చి నిలబడగానే వెనకనుంచి ఒకడు, "24 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం!" అని అరిచాడు. అందరూ నవ్వారు. హార్మోనిస్టు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా అలాగే నిలబడ్డాను. పక్కన ముక్క అందించేవాడు ఎవడూ లేడు.

మొదటి పద్యం బాగానే వచ్చింది. రెండోది నా చెవులకే కొత్తగా వినబడింది, ఇది నా గొంతేనా అన్నట్టు. మూడోదాంట్లో జారింది. కింద చాప మీద లోహితాస్యుడి వేషంలో తొమ్మిదేళ్ల పిల్లాడు కళ్లు మూసుకునే పెదాలు బిగించి నవ్వాపుకుంటున్నాడు. నాలుగోది ఎత్తుకునేసరికి ఫోన్లు కొన్ని దిగాయి. ఎందుకో తెలీదు, వాళ్ల చేతులు నొప్పి పుట్టాయేమో. వన్స్ మోర్ మాత్రం ఎవరూ అనలేదు. చివర్లో ఒక పెద్దాయన స్టేజీ ఎక్కి, నా భుజానికి పదిరూపాయల నోటు పిన్నుతో గుచ్చి వెళ్లాడు. ఆ నోటు మా ఆవిడ బీరువాలో దాచింది.

మామ ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో, శాలువా కప్పుకుని, మెడ ఒక పక్కకి వాల్చి కూర్చున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. తెల్లారి టీ కొట్టు దగ్గర బన్ను టీలో ముంచుకుంటూ, "మూడో పద్యంలో శృతి జారింది. ఊపిరి ముందే ఖర్చు పెట్టేసుండావ్" అన్నాడు. బన్ను మొత్తం తిన్నాక, "గొంతు నీదే లేబ్బా" అన్నాడు.

ఆ డిసెంబరులో మామ పోయాడు. హార్మోనియం అత్త నాకిచ్చేసింది. "తీసకపో, ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు" అంది. దాని బెలోస్‌కి చిల్లి ఉంది, ఇంకా బాగు చేయించలేదు.

మొన్న రాత్రి కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. కొత్త సీరియల్, డాక్టర్ వేషం, పొద్దున ఏడింటికల్లా లొకేషన్‌లో ఉండాలి, తెల్లకోటు మనదే. సరేనని, "డబ్బింగ్ నేనే చెప్పుకుంటాను, డబ్బులేం వద్దు" అన్నాను.

"యాస తగుల్తది కదన్నా?"

"తగలనీ. నెల్లూరులో డాక్టర్లు లేరా?"

అతను నవ్వాడు. డైరెక్టర్ని అడిగి చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.